ముప్పై మూడో పేజీ

"ఆ చెయ్యి ఎవరిదో చెప్పమంటున్నాను. దేవుడిది కాదు కదా!" అంది ఆడపడుచు.

దుకాణం షట్టరు సగమే లేచి ఉంది. లోపల, వెనక గదిలో నలుగురూ బట్టలు మడిచే బల్ల చుట్టూ చేరారు. బల్ల మీద కంపెనీ వాళ్ల ఉత్తరం పరిచి ఉంది. ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా దాని మీద పాత ఇస్త్రీపెట్టె పెట్టారు. పోయిన నెల కుదిరిన కొత్త ఒప్పందం ప్రకారం శనివారం సాయంత్రంలోగా దుకాణం తాళాలు అప్పగించమని అందులో రాసి ఉంది. ఉత్తరం వచ్చింది సోమవారం. ఇవాళ గురువారం.

 కోడలి చేతిలో ఎవరిదో తెల్లచొక్కా ఉంది. కాలరు మీది మరకని గోటితో గీకి, వాసన చూసి, ఇది సిరా కాదు మందు అని తేల్చుకుని పక్కన పెట్టింది. వచ్చిపోయేవాళ్లు ఆమెని మరకలమ్మాయి అంటారు. ఇల్లు అంటుకున్నా ఈవిడ మరక సంగతి తేల్చుకున్నాకే బయటికొస్తుందని ఆడపడుచు దెప్పుతూ ఉంటుంది. ఇవాళ ఇల్లు అంటుకునే ఉంది.

"ఆ రోజు అమ్మ ఆస్పత్రిలో కంటికి కట్టుతో పడుకునుంది. పక్కన నేనున్నాను. అమ్మ ఫోను ఇక్కడ గల్లాపెట్టె మీదుంది. దుకాణంలో ఉన్నది మీరిద్దరు. ఒప్పందం మీద అమ్మ సంతకం పడింది. ఎలా పడింది?"

"కోడు నేనే చెప్పానని సోమవారమే చెప్పాను కదా వదినా," అంది కోడలు.

"విన్నావామ్మా? ఎంత తాపీగా ఒప్పుకుంటోందో!"

ఆ దుకాణం పద్ధతి తెలియనివాళ్లకి ఈ గొడవ తలా తోకా బోధపడదు. అందుకని అదొక్కటీ చెప్పుకుని ముందుకు పోదాం.

అత్తగారిని అందరూ గంజమ్మ అంటారు. ముప్పై ఏళ్ల కిందట భర్తతో కలిసి ఒక తొట్టి, ఒక బొగ్గుల ఇస్త్రీపెట్టెతో మొదలుపెట్టిన మనిషి. ఆవిడ గంజి పెట్టిన చొక్కాని నేల మీద నిలబెడితే నిలబడుతుందనేవాళ్లు. ఆవిడ మెడ కూడా అంతే, వంగదు. భర్త పోయాక కూడా వంగలేదు. ఐదేళ్ల కిందట కంపెనీ వాళ్లొచ్చి ఫ్రాంచైజీ ఇస్తామంటే, వీధిలో పోటీకి తట్టుకోలేక తల ఊపింది. పాత బోర్డు దిగి నీలం బోర్డు ఎక్కింది. అప్పటినుంచి దుకాణంలో కాగితం మీద సంతకమన్నది లేదు. సబ్బుపొడి తెప్పించాలన్నా, యంత్రం బాగుచేయించాలన్నా, కంపెనీ ఇచ్చిన ట్యాబులో వేలితో సంతకం గీయాలి. గీస్తే గంజమ్మ ఫోనుకి ఆరంకెల కోడు వస్తుంది. ఆ కోడు కొడితే గంజమ్మ ఒప్పుకున్నట్టు.

ట్యాబు వెనక గదిలో ఇస్త్రీబల్ల పక్కన మేకుకి వేలాడుతూ ఉంటుంది. ఫోను ముందు గదిలో గల్లాపెట్టె మీద ఉంటుంది. మధ్యలో ఆవిరి, యంత్రాల రొద. కోడు రాగానే ముందు గదిలో ఉన్నవాళ్లు గొంతెత్తి కేకేస్తారు. వెనక ఉన్నవాళ్లు కొడతారు. రోజుకి ఐదారు కేకలు. బట్టలు తెచ్చే ముసలాయన ఒకాయన, "ఇవాళ లాటరీ ఎవరికి తగిలిందమ్మా?" అని నవ్వేవాడు. అది ఇంటి తాళంచెవి లాంటిదనీ, అలా వీధిలోకి విసరకూడదనీ ఎవరికీ తోచలేదు. పని జరిగిపోతుంటే అలాంటివి ఎవరికి తోస్తాయి?

సంతకం గీయడం కూడా ఎవరు దగ్గరుంటే వాళ్ల పనే. గంజమ్మ సంతకం రెండక్షరాలు, కింద ఇస్త్రీ మడతలా తిన్నగా ఒక గీత. ఆ గీత గురించి ఒక కథ ఉంది. కొడుకు ఎనిమిదో తరగతిలో ఉండగా మార్కులు తగ్గి, ప్రోగ్రెస్ కార్డు మీద తల్లి సంతకం తనే పెట్టుకుపోయి మాస్టారికి దొరికిపోయాడు. గీత చివర హ్యాంగరు కొక్కెంలా వంపు తిరిగిందట. "మావాడికి చెయ్యి తిన్నగా ఆగదు" అని గంజమ్మ ఆ కథ చెప్పి నవ్వించని మనిషి లేడు. కోడలు పెళ్లైన వారానికే విన్నది.

పోయిన నెల గంజమ్మ కంటి ఆపరేషన్ జరిగిన మంగళవారం కూడా కోడు వచ్చింది. కోడలు కేకేసింది. సబ్బుపొడికనుకుంది. వెనక గదిలో ఉన్నది ఆమె భర్త. సోమవారం ఉత్తరం వచ్చాక గానీ, ఆ కోడుతో కొత్త ఒప్పందం మీద సంతకం పడిందని ఆమెకి తెలియలేదు. కోడు నేనే చెప్పానని అంది. నిజమే చెప్పింది. అందరూ సంతకం కూడా తనే పెట్టిందనుకున్నారు. మిగిలిన సగం ఆయనే చెప్తాడని ఊరుకుంది.

మూడు రోజులైంది. ఆయనకి ఉలుకూ పలుకూ లేదు.

గంజమ్మ నల్లకళ్లద్దాలు పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది. ఇంతసేపూ కూతురి అరుపులు విని, ఇప్పుడు ముఖం కొడుకు వైపు తిప్పింది.

"ఏరా, నువ్వక్కడే ఉన్నావు కదా. ఏం జరిగింది?"

కొడుకు ఆవిరిగొట్టానికి గుడ్డ చుడుతున్నాడు. చుట్టడం ఆపలేదు.

"ఆరోజు పని ఎక్కువగా ఉందమ్మా. నేను చూళ్లేదు," అన్నాడు.

కోడలి చెయ్యి చొక్కా మీద ఆగిపోయింది. మూడు రోజులుగా ఆయన నోటి నుంచి ఒక్క మాట రాలితే చాలనుకుంది. రాలింది, ఇలా రాలింది.

"సరే, పదండి. లాయరు దగ్గరే తేలుతుంది," అంది గంజమ్మ లేస్తూ. కూతురు ఆవిడ చెయ్యి పట్టుకుని మేడ మీదికి, చీర మార్పించడానికి తీసుకెళ్లింది. మెట్ల మీద కూడా కూతురి నోరు ఆగలేదు.

వెనక గదిలో మొగుడూ పెళ్లామూ మిగిలారు.

"మీరు చూళ్లేదా?" అంది ఆమె.

అతను బాయిలరు ముల్లు వైపు చూస్తున్నాడు. మోచేతుల దాకా పాత కాలిన మచ్చలు. ఇరవై రెండేళ్లుగా అదే బల్ల, అదే ఆవిరి. ఎండాకాలంలో ఆ గదిలో నిలబడితే చెవుల్లోంచి చెమట కారుతుంది. అవన్నీ ఆమెకి తెలుసు. తెలుసు కాబట్టే ఇన్నాళ్లూ నోరు మూసుకుంది.

"ఎందుకలా అన్నారు?"

"ఏమనమంటావు?"

"జరిగింది అనమంటాను. కంపెనీ మేనేజరు ఫోన్ చేసి ఇవాళే ఆఖరి రోజని తొందరపెట్టాడని, చదవకుండా గీసేశానని. మీరు నాతో చెప్పింది అదే కదా! పొరపాటు. పొరపాటుకి ఉరెయ్యరు ఎవరూ."

"అమ్మకి కన్ను ఇంకా మానలేదు. ఇప్పుడు చెప్తే తట్టుకోలేదు."

"నా సంగతి?"

"నీకేమైంది? అక్కయ్య నాలుగు రోజులు అని ఊరుకుంటుంది. దాని నోట్లో ఏ కోపం ఎన్నాళ్లు నానింది గనక!"

"మీ అక్కయ్య మాటలకి కాదు నేను ఏడుస్తున్నది."

ఆమె నిజానికి ఏడవడం లేదు. అతను ఒకసారి తిరిగి చూసి, మళ్లీ ముల్లు వైపు చూశాడు.

"లాయరు దగ్గర చెప్తారా?"

"చూద్దాం."

"చూద్దాం కాదు. చెప్తాననండి."

"సరే, చెప్తాను," అన్నాడు. "అరవకు, అమ్మ వింటుంది."

ఆమెకి ఆ మాట చాలింది. ఆడవాళ్లకి ఎంత తక్కువలో సరిపెట్టుకోవడం అలవాటో! చొక్కాకి గుర్తుచీటీ కట్టి, చేతులు కడుక్కుని, అత్తగారి ఫోను ఎప్పటిలా తన సంచిలో వేసుకుని బయల్దేరింది.

లాయరు గది మందులషాపు పైన ఉంది. ఇరుకు మెట్లు. గంజమ్మ ఒక్కో మెట్టూ కాలితో తడిమి ఎక్కింది. కోడలు వెనకనుంచి నడుం పట్టుకుంది. గదిలో మూడే కుర్చీలు. గంజమ్మ, కూతురు, కొడుకు కూర్చున్నారు. కోడలు ఫైళ్ల బీరువాకి ఆనుకుని నిలబడింది. ఇంకో కుర్చీ తెప్పించమని ఎవరూ అనలేదు.

లాయరు యాభై దాటిన ఆవిడ. జలుబు చేసినట్టుంది, దగ్గుబిళ్ల బుగ్గన పెట్టుకుని మాట్లాడుతోంది. కంపెనీ పంపిన ఒప్పందాన్ని తెప్పించుకుని, అచ్చు తీసి, ముందే చదివి పెట్టింది.

"మొదట ఒక సంగతి తెలుసుకోండి. సిరాతో గీసినా, వేలితో గీసినా సంతకం సంతకమే. చట్టానికి తేడా లేదు. అద్దం మీద గీసింది కదా, తుడిస్తే పోతుందనుకోకండి."

"కానీ అమ్మ గీయలేదు కదండీ," అంది కూతురు.

"గీయలేదంటే చాలదమ్మా. ఫోను మీది, ట్యాబు మీది, కోడు మీ ఫోనుకే వచ్చింది. మేం గీయలేదు, దెయ్యం గీసిందంటే జడ్జి గారు నమ్ముతారా? ఎవరు గీశారో చెప్పాలి."

"చెబితే?"

"ఆ మనిషి మీద ఫోర్జరీ అని పోలీసులకి ఫిర్యాదు ఇవ్వాలి. అది చూపించి రేపు కోర్టులో అడిగితే శనివారం తాళాలు ఆపొచ్చు. దుకాణం ప్రస్తుతానికి మీ చేతిలో ఉంటుంది. ఆ తరవాత కేసు కేసులా నడుస్తుంది."

"ఆ మనిషిని ఏం చేస్తారు?" అని అడిగింది గంజమ్మ.

"తీసుకెళ్తారు. బెయిలు ఎప్పుడొస్తుందో నేను మాటివ్వలేను."

 కింద మందులషాపులో ఎవరో చిల్లర గురించి గొడవపడుతున్నారు. కోడలు భర్త వీపు వైపు చూస్తూ నిలబడింది. ఇప్పుడు చెప్తాడు, ఇప్పుడు చెప్తాడు అనుకుంది. అతని వీపు కదలలేదు.

"సిరా సంతకం మూగదమ్మా," అంది లాయరు కాగితాలు తిప్పుతూ. "ఇది అలా కాదు, తన జాతకం తనే రాసిపెట్టుకుంటుంది. ఏ పరికరం, ఎన్ని గంటలకి, అన్నీ. ఇదిగో. మీ దుకాణం ట్యాబు. మంగళవారం పది గంటల ఇరవైకి తెరిచారు. పదకొండు గంటల నాలుగు నిమిషాలకి సంతకం పెట్టారు."

"నలభై నాలుగు నిమిషాలా?" అంది కోడలు. అక్కడికొచ్చాక ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది.

"అవును. నలభై ఒక్క పేజీలూ తెరిచారు. ముప్పై మూడో పేజీ మాత్రం నాలుగుసార్లు వెనక్కొచ్చి మరీ తెరిచారు. కాబట్టి పొరపాటున నొక్కేశామనే మాట ఇక్కడ పనికిరాదు."

"ఆ పేజీలో ఏముంది?" అంది గంజమ్మ.

లాయరు బిళ్ల ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి మార్చుకుని చదివింది. కంపెనీ తలుచుకుంటే ఐదు రోజుల నోటీసుతో దుకాణాన్నీ, యంత్రాల్నీ, ఖాతాదారుల జాబితానీ స్వాధీనం చేసుకోవచ్చు. ఆ తరవాత మూడేళ్ల పాటు యజమాని గానీ, ఆ కుటుంబంలో మరెవరు గానీ ఈ ఊళ్లో బట్టలుతికే పని, ఇస్త్రీ పని చేయరాదు.

"చెయ్యకూడదా?" అంది గంజమ్మ. "ఇంట్లో తొట్టి పెట్టుకుని కూడానా?"

"కూడానమ్మా."

ఆడపడుచు కుర్చీలో గిర్రున వెనక్కి తిరిగింది.

"ఇన్నాళ్లూ నేను కూడా తెలీక చేసిందేమో అనుకుంటున్నాను! నాలుగుసార్లు చదివావంటే ఇంకేముంది? దుకాణం పోతే ఉమ్మడి పోతుంది, మొగుణ్ణి తీసుకుని వేరు కాపురం పెట్టొచ్చు. అదే కదా నీ లెక్క! ముసలావిడ కంటికి కట్టు కట్టించుకుని పడుకుంటే..."

కోడలికి ఆ మాటలు సగమే వినబడ్డాయి. ఆమెకి పోయిన ఎండాకాలం గుర్తొచ్చింది. ఆవిరికి భర్త మోచెయ్యి బొబ్బలెక్కింది. ఆమె మందు రాస్తోంది. "ఈ దుకాణం దానంతటదే మూతపడితే బాగుణ్ణు. ఎవరి మీదా నింద రాకుండా," అన్నాడతను. నొప్పికి అన్నాడనుకుని ఆమె నవ్వింది. "మూతపడితే మీ అమ్మ మనల్నే గంజిలో ముంచుతుంది," అని కూడా అంది.

ఎవరి మీదా నింద రాకుండా అన్నాడు.

ఆమెకి కోపం రాలేదు. భయమేసింది. చదవకుండా గీశానన్న మనిషి నలభై నాలుగు నిమిషాలు చదివాడు. ముప్పై మూడో పేజీకి నాలుగుసార్లు తిరిగొచ్చాడు. ఆ తరవాత సంతకం గీసి, ఎప్పటిలాగే "కోడొచ్చిందా?" అని లోపలినుంచి అడిగాడు. ఆమె ఎప్పటిలాగే కేకేసి చెప్పింది. ఆ మధ్యాహ్నం ఇద్దరూ పక్కపక్కన కూర్చుని అన్నం తిన్నారు. పద్నాలుగేళ్ల కాపురంలో ఆ మనిషి ముఖం చూసి ఆమె కనిపెట్టలేనిది ఏదీ లేదనుకుంది. గుడ్డ మీద ఏ మరకైనా ఏమిటో చెప్పగలిగే మనిషికి అది తెలియలేదు.

"ఏవండీ," అంది మెల్లగా. "మీరేమైనా చెప్పాలా?"

అందరూ అతని వైపు చూశారు. అంతసేపూ బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్న మనిషి గొంతు సవరించుకున్నాడు.

"తొందరగా తేల్చండి. బాయిలరు ఆపకుండా వచ్చాను," అన్నాడు.

ఆడపడుచుకి ఆ మాట తనకి కావలసినట్టే అర్థమైంది. "చూశారుగా, కట్టుకున్నవాడు కూడా వెనకేసుకు రావడం లేదు. రాసుకోండి లాయరు గారూ, మా మరదలే పెట్టిందని."

"మీరు చెప్తే కుదరదు. ఆవిడ చెప్పాలి," అంది లాయరు గంజమ్మ వైపు చూస్తూ.

గంజమ్మ చాలాసేపు చేతికర్ర పిడి నిమిరింది. "ఒకసారి రాయండి, విందాం," అంది చివరికి. కోడలి వైపు తిరగలేదు.

లాయరు కంప్యూటర్ మీటలు టకటకా నొక్కింది. పది నిమిషాలు కూడా పట్టలేదు. మనిషి బతుకు తిరగబడే కాగితానికి ఇంకాస్త సేపు పడుతుందని కోడలు అనుకుంది. గంజమ్మ ఫోను సంచిలో మోగింది.

"ఫిర్యాదు మీ ఫోనుకే పంపించాను. చదువుకుని, సరే అనుకుంటే కింద వేలితో గీయండి. కోడొస్తుంది. అది నాకు చెబితే నేనిక్కడ కొడతాను. ఐదు నిమిషాలే ఉంటుంది, ఆలస్యం చెయ్యకండి."

"ఇది కూడా ఫోన్లోనేనా?" అంది గంజమ్మ.

"ఇప్పుడన్నీ అంతేనమ్మా."

"నాకు అక్షరాలు ఆనవు. ఎవరైనా చదవండి."

కూతురు చెయ్యి చాచింది. గంజమ్మ తల అడ్డంగా ఊపింది. "నువ్వొద్దు. నువ్వు సగం చదివి సగం కల్పిస్తావు. అమ్మాయ్, నువ్వు చదువు."

ఇంటికి వచ్చే ప్రతి ఉత్తరాన్నీ కోడలే చదివేది. ఒక్క మాట కలపదు, ఒక్క మాట మింగదు. ఆ నమ్మకం మీద గంజమ్మ ఇవాళ కూడా ఆమెనే చదవమంది. అది ఎలాంటి చదువో ఆవిడకి తట్టిందో లేదో! తట్టే ఉంటుంది.

కోడలు ఫోను ముఖానికి ఎదురుగా పట్టుకుంది.

"పై తేదీన నేను కంటి శస్త్రచికిత్స నిమిత్తం ఆస్పత్రిలో ఉన్నాను. సదరు ఒప్పందంపై గల సంతకం నాది కాదు. నా అనుమతి లేకుండా, నా ఫోనుకు వచ్చిన కోడును దురుద్దేశంతో వాడుకుని, నా సంతకాన్ని నా కోడలు..."

ఆమె ఒక్క క్షణం ఆగింది. భర్త కుర్చీ కిర్రుమంది. 

"...నా కోడలు ఫోర్జరీ చేసినది. ఆమెపై చట్టప్రకారం చర్య తీసుకోవలసినదిగా కోరుచున్నాను." ఫోను కొంచెం దించింది. "తేదీ తప్పు పడింది లాయరు గారూ. ఆపరేషన్ తొమ్మిదో తారీఖు కాదు, పదో తారీఖు."

లాయరు బిళ్ల నమలడం ఆపి ఆమె వైపు చూసింది. "దిద్దుతాను," అంది. గొంతులో ఇందాకటి చురుకు లేదు.

దిద్దుతుండగా గంజమ్మ బల్ల మీదికి చెయ్యి చాపింది.

"ఆ ఒప్పందం మీది సంతకం ఏదీ? నాకు చూపించండి."

"మీకు కనబడదన్నారు కదమ్మా."

"పెద్దవి ఆనతాయి. ఇవ్వండి."

ఆఖరి కాగితం ఆవిడ చేతికిచ్చారు. గంజమ్మ నల్లకళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుంది. కన్ను ఇంకా ఎర్రగా, నీళ్లూరుతూ ఉంది. కాగితాన్ని కిటికీ వెలుతురు వైపు తిప్పి ముక్కుకి ఆనించినంత దగ్గరగా పెట్టుకుంది. చూపుడువేలు గోరుతో మొదటి అక్షరాన్ని, రెండో అక్షరాన్ని తడిమింది. కింద గీత వెంట గోరు మెల్లగా పోయింది. చివరికొచ్చి ఆగింది.

కోడలు ఆవిడ భుజం మీదుగా చూసింది. గీత చివర చిన్న వంపు. హ్యాంగరు కొక్కెంలా పైకి తిరిగి ఉంది.

గంజమ్మ గోరు ఆ వంపు మీద వెనక్కీ ముందుకీ రెండుసార్లు తిరిగింది.  కోడలికి ఒక్కసారిగా గుండె మీది బరువు దిగినట్టయింది. తెలిసిపోయింది! తను ఎవరి మీదా చెప్పక్కర్లేదు, ఎవరినీ బతిమాలక్కర్లేదు. వచ్చినవాళ్లందరికీ కథ చెప్పి నవ్విన మనిషికి ఆ కొక్కెం తెలియకుండా ఎలా ఉంటుంది?

"అత్తయ్యా," అంది. "ఎవరి సంతకమో తెలిసిందా?"

గంజమ్మ కాగితాన్ని బల్ల మీద బోర్లా పెట్టింది. కళ్లద్దాలు కిందికి దించుకుంది. తల తిప్పి కొడుకు కూర్చున్న వైపు కాసేపు అలాగే ఉంది. అద్దాల వెనక ఏముందో ఎవరికీ కనబడలేదు.

"నాకింకా సరిగ్గా కనబడట్లేదమ్మా," అంది.

ఫోను మళ్లీ మోగింది. దిద్దిన కాగితం వచ్చింది.

"ఎక్కడ గీయాలి?" అంది గంజమ్మ.

ఎవరూ కదలకపోతే కోడలే వంగి ఫోను ఆవిడ ఒళ్లో పెట్టి, వేలు పట్టుకుని ఖాళీ గడి మీద ఆనించింది. ఎందుకు చేసిందో ఆమెకే తెలియదు. చేతులు అలవాటు మీద చేశాయి. గంజమ్మ రెండక్షరాలు రాసి కింద గీత గీసింది. గీత తిన్నగా ఆగింది.

వెంటనే కోడు వచ్చింది. లాయరు మీటల మీద వేళ్లు పెట్టుకుని, "చెప్పండమ్మా," అంది.

గంజమ్మ ఫోను ఎత్తి కోడలికి అందించింది.

"చదువు తల్లీ," అంది.

పద్నాలుగేళ్లలో ఆవిడ కోడల్ని తల్లీ అని పిలవడం అదే మొదటిసారి. దుకాణం తెరిచినప్పటి నుంచి మూసేదాకా అమ్మాయ్ అనే పిలిచింది. పురిట్లో బిడ్డ పోయినప్పుడు కూడా అమ్మాయ్ అనే పిలిచి పక్కన కూర్చుంది. ఆ ఒక్క మాటా ఇంతకాలం దాచి, ఇవాళ్టికి తీసింది.

కోడలు ఆరంకెలూ చూసింది. నోరు తెరిచింది. వేలసార్లు ఆవిరిలోకి, రొదలోకి కేకేసి చెప్పినవి ఇలాంటి అంకెలే. ఫోనుని గుండెలకి ఆనించి పట్టుకుంది.

"చెప్పు మరి!" అంది ఆడపడుచు.

"కనబడట్లేదన్నారు కదా అత్తయ్యా," అంది కోడలు. "అయితే కనబడేదాకా ఆగుదాం."

"ఆగడానికి శనివారం ఆగుతుందా? అమ్మా, చూశావా దీని పొగరు!"

గంజమ్మ తల దించుకుంది. వంగని మెడ వంగింది. 

"రెండు నిమిషాలుంది," అంది లాయరు.

అప్పుడు కొడుకు లేచాడు. కుర్చీ వెనక్కి జరిగి బీరువాకి తగిలింది. భార్య ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. సోమవారం నుంచి మొదటిసారి ఆమె కళ్లలోకి చూశాడు.

"ఫోన్ ఇలా ఇయ్యి," అన్నాడు.

మచ్చలున్న చెయ్యి చాచి ఉంది. ఆ చెయ్యి ఆపడానికి చాచాడో, కోడు తనే చదివి పని పూర్తి చెయ్యడానికి చాచాడో ఆమెకి తెలియలేదు. ఒక గంట కిందటైతే అడక్కుండానే ఇచ్చేసేది.

ఆమె ఫోను ఇవ్వలేదు. ఒక అడుగు వెనక్కి వేసి, ఫోనుతో సహా బయటికి పోవడానికి గది తలుపు గడియ మీద చెయ్యి వేసింది.